సొరపాదుకు నూనె రాసిన గానుగెద్దు

లోకం గుండ్రంగా ఉంటుందని గానుగెద్దుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఓబులమ్మ గానుగ తిప్పే సుంకన్నకు పొద్దున లేస్తే అదే చుట్టు, పొద్దు వాలేదాకా అదే చుట్టు. మెడమీద కాడి, కళ్లకు గంతలు, వెనకాల కిర్రుమంటూ తిరిగే రోకలి, దాని కింద రోట్లో నలిగే నువ్వులు. చూడ్డానికి ఏమీ లేదు గనక సుంకన్న అన్నీ చర్మంతోనే తెలుసుకునేవాడు. తూర్పు సగంలో నడుస్తుంటే వీపు చుర్రుమంటుంది. పడమటి సగంలోకి రాగానే ప్రాణం లేచివస్తుంది. ఎందుకంటే అక్కడ, దారి మీదుగా, ఓబులమ్మ వేసిన సొరపందిరి ఉంది.

ఆ పందిరికి ఒక కథ ఉంది. సుంకన్నకు ముందు ఈ గానుగ తిప్పిన ఎద్దు మూడేళ్ల కిందట రోహిణి కార్తె ఎండకు ఆ పడమటి మలుపులోనే కూలబడింది. మళ్లీ లేవలేదు. ఓబులమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు లేచి, దారి పక్కనే పాదు తవ్వి, సొర గింజలు పెట్టింది. అప్పట్నుంచి ఏటా ఎండలు ముదిరేసరికి సగం చుట్టుకు నీడ ఉంటోంది. సుంకన్నకు ఈ సంగతి కోడి పుల్లమ్మ చెప్పింది. విన్ననాటి నుంచి ఆ పాదంటే అతనికి అదోరకం భయభక్తి.

మధ్యాహ్నం పూట ఓబులమ్మ కాడి దించి, గంతలు విప్పి, అన్నానికి ఇంటికి పోయేది. పందిరి పక్కన సగానికి కోసిన రేకు డ్రమ్ము ఉండేది, దాన్నిండా పొద్దున పోసిన నీళ్లు. సుంకన్న సగం తాగేవాడు. మిగతా సగాన్ని కొమ్ముతో డ్రమ్ము వంచి పాదులోకి ఒంపేవాడు. ఎవరూ నేర్పలేదు, తనకు తోచిన పద్ధతి. తనకు నీడ పెట్టేదానికి తను నీళ్లు పెట్టడం న్యాయమే కదా అనుకునేవాడు.

ఈ న్యాయం గుట్టమీది నక్కకు నచ్చలేదు. ఆ ఏడు గుట్ట కింది వాగు ముందే ఎండిపోయింది. నాలుగు రోజులుగా నక్క తుప్పల చాటున కూర్చుని, సగం డ్రమ్ము నీళ్లు మట్టిలో ఇంకిపోతుంటే గుటకలు మింగుతోంది. ఎదురుగా పోయి లాక్కుందామా అంటే సుంకన్న కొమ్ములు చిన్నవి కావు. అందుకని ఐదో రోజు వరస కలుపుకుంటూ వచ్చింది.

"ఏం మామా, బాగుండావా?"

"ఎవరూ? అల్లుడా? రా. ఇంత ఎండన పడొచ్చావే."

"నీ మీద జాలేసి వచ్చాలే. రోజూ చూస్తన్నా, నువ్వు కడుపు మాడ్చుకుని నీళ్లు పోస్తావు, ఈ సొరపాదేమో దుబారా చేస్తది."

"దుబారా ఏంది?"

"ఇటు రా, చూపిస్తా."

పందిరి చివర ఒక తీగకు గాలికి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరు చిక్కుకుని ఉంది. ఆకులు రెండు మూడు దాన్లో ఇరుక్కున్నాయి. నక్క మూతితో కవరును ఎత్తిపట్టింది. లోపలి వైపంతా నీటిబొట్లు పట్టి తళతళలాడుతున్నాయి.

"వానేమన్నా పడిందా మామా?"

"లేదే."

"మంచు కురిసిందా?"

"ఈ కార్తెలో మంచేంది?"

"మరి ఈ నీళ్లెక్కడివి? నువ్వు పాదులో పోసినవే. ఆకు అడుగున కంటికానని బొక్కలుంటాయి. నువ్వు కింద పోస్తా ఉంటే అది ఆ బొక్కల్లోంచి గాల్లోకి వదిలేస్తా ఉంటది. నూరు చుక్కలు తాగితే తొంభైకి పైనే ఆకాశానికి పోతాయి. మిట్టమధ్యాహ్నం ఆకులు ఎందుకు వాలిపోతాయనుకుంటన్నావు? ఉన్నదంతా పారబోసుకుని."

సుంకన్న కవరు వంక చూశాడు. ఆకుల వంక చూశాడు. నిజమే, ఎండకు వాలి ఉన్నాయి. నక్క చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. మోసగాళ్లలో ఆరితేరినవాళ్లు అలాగే చేస్తారు, నిజాన్ని సగంలో ఆపి ఊరుకుంటారు.

"ఇప్పుడేం చెయ్యాలంటావు?" అన్నాడు సుంకన్న దిగులుగా.

"నువ్వు నూనె దగ్గర పుట్టినోడివి, నన్నడుగుతావా మామా? బొక్కల్ని నూనెతో మూసెయ్. లోపలి నీళ్లు లోపలే ఉంటాయి. పది రోజులు నీళ్లు పొయ్యకపోయినా పాదు నవనవలాడతా ఉంటది."

నక్కకు సుంకన్న బలహీనత బాగా తెలుసు. రోకలి కిర్రుమంటే నూనె. మెడ ఒరుసుకుంటే నూనె. గిట్ట పగిలితే నూనె. పండగ వస్తే కొమ్ములకు నూనె. సుంకన్న ఎరిగినంతలో నూనె రాస్తే బాగుపడని వస్తువు ఈ భూమ్మీద లేదు. ఇన్నాళ్లూ ఈ మందు తనకే ఎందుకు తట్టలేదా అని అతను సిగ్గుపడ్డాడు కూడా.

"మరి మిగిలిన నీళ్లు?" అని అడిగాడు.

"పారబొయ్యొద్దు మామా, పాపం. డ్రమ్ములోనే ఉంచు. దారిన పోయే దప్పిగొన్నోళ్లు ఎవరన్నా తాగుతారు."

ఆ మాటకు పందిరి కింద గింజలేరుకుంటున్న పుల్లమ్మ తలెత్తి, "ఆ దప్పిగొన్నోళ్లకు తోక గుబురుగా ఉంటదేమో," అంది. సుంకన్న వినిపించుకోలేదు.

గానుగ పక్కన కుండలో నూనె మడ్డి ఉంటుంది, ఎందుకూ పనికిరాదని ఓబులమ్మ పక్కన పెట్టేది. సుంకన్న దాంట్లో తోక కుచ్చు ముంచి, పందిరి కిందికి వెనక్కు వెనక్కు నడిచి, ఆకుల అడుగున మెత్తగా రాశాడు. ఒక్క ఆకు చిరగలేదు. పందిరి బయటి అంచు వంగి అతని నడుము ఎత్తులో ఉంటుంది గనక అటువైపు సగానికి తోక అందింది. లోపలి ఎత్తు సగానికి అందలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. అంత పని చేశాక సుంకన్న మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. ఇంట్లో ముసలమ్మకు కాళ్లకు నూనె పట్టించి వచ్చినవాడిలా తృప్తిగా పడుకున్నాడు.

ఆ రోజు నుంచి డ్రమ్ములో సగం నీళ్లు మిగులుతూ వచ్చాయి. నక్క ఠంచనుగా వచ్చి తాగి, చివర్లో కాళ్లు కూడా తడుపుకుని పోయేది. సుంకన్న పాదుకు నీళ్లు పోయడం మానేశాడు గానీ, మనసొప్పక రోజూ ఒక పుక్కిలి నోట్లో పట్టి తెచ్చి పాదులో వదిలేవాడు. మందు వేసినంత మాత్రాన పలకరింపు మానేస్తామా అని అతని లెక్క.

మూడో రోజు గంతలు కట్టుకుని తిరుగుతుండగా సుంకన్నకు తేడా తెలిసింది. తూర్పు సగం దాటి పడమటి సగంలోకి అడుగుపెట్టాడు. మొహం మీద ఎండ తగ్గింది, అంటే నీడలోకి వచ్చినట్టే. కానీ చల్లబడలేదు. రేకు షెడ్డు కింద నిలబడ్డట్టు ఉక్కగా ఉంది. లోపలి అంచుకు జరిగితే కాస్త నయం, బయటి అంచుకు వస్తే సెగ. నీడ ఉంది గానీ నీడలోని హాయి లేదు. గంతలు లేనివాళ్లకు ఆకులు ఇంకా ఆకుల్లాగే కనబడుతున్నాయి. తేడా సుంకన్న వీపుకు మాత్రమే తెలిసింది.

మరో నాలుగు రోజులు పోయాక అందరికీ తెలిసింది. నూనె రాసిన సగం పసుపెక్కి, ఆకుల అంచులు కమిలి ముడుచుకున్నాయి. పిందెలు రాలిపడ్డాయి. ఓబులమ్మ పందిరి కింద నిలబడి, "ఇదేం తెగులే తల్లీ," అని ఆకులు తడిమి, కొంగుతో కళ్లొత్తుకుని పోయింది. రోహిణి కార్తె ఇంకా వారం ఉంది. ఈ పందిరి పోతే పడమటి మలుపులో తనకూ పాత ఎద్దుకు పట్టిన గతే పడుతుందని సుంకన్నకు తెలుసు.

ఆ మధ్యాహ్నం ఓబులమ్మ గంతలు విప్పి వెళ్లాక సుంకన్న పసుపెక్కిన ఆకు దగ్గర మొహం పెట్టి నిలబడ్డాడు. అప్పుడు ఆకులోంచి సన్నటి గొంతు వినిపించింది.

"అన్నా, నూనె పూసింది నువ్వేనా? ఇంట్లో ఊపిరాడి చావడం లేదు."

అది గీతలమ్మ. ఆకులో పైపొరకూ కింది పొరకూ మధ్య తొలుచుకుంటూ బతికే పురుగు. అది నడిచిన దారల్లా ఆకు మీద తెల్లటి వంకర గీత పడుతుంది, అందుకే ఆ పేరు. పందిరి పాడుచేస్తోందని సుంకన్నకు దానిమీద ఎప్పట్నుంచో కోపం.

"గోడలు తింటా బతికేదానివి, నన్నడుగుతావా?" అన్నాడు.

"గోడలు తినేదాన్ని గనకే ఇంటి సంగతి నాకు తెలుసు. నువ్వు చెవి ఇటు పెట్టు, చెప్తా. తర్వాత కోప్పడుదువు."

సుంకన్న చెవి ఆకుకు ఆనించాడు.

"ఆకంటే పలచటి రేకనుకుంటన్నావు గానీ అన్నా, ఇది మిద్దె. పైన మైనం పూసిన కప్పు, నీళ్లు ఊరికే ఎగిరిపోకుండా. కప్పు కింద పచ్చటి గదులు, నిలువుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని. అదే వంటిల్లు. ఎండ తగలాలని దాన్ని పైన కట్టుకుంది. ఆ కింద వదులు వదులుగా గదులు, మధ్యలో గాలి తిరగడానికి సందులు. ఇంటినిండా ఈనెలు. నీళ్లు తెచ్చేవి అవే, వండిన తీపిని పాదంతటికీ పంచేవి అవే. అన్నిటికన్నా అడుగున కిటికీలు, వేలకు వేలు."

"నక్క చెప్పిన బొక్కలు అవేనా?"

"బొక్కలంటే ఎవరో పొడిస్తే పడేవి. ఇవి కిటికీలు. ఒక్కో కిటికీకి ఇద్దరు కాపలాదారులు, చిక్కుడు గింజల్లా ఎదురెదురుగా. కడుపులో నీళ్లుంటే ఉబ్బి, వంగి నిలబడతారు, మధ్యలో సందు తెరుచుకుంటది. నీళ్లు తక్కువైతే డీలాపడి ఒకరి మీదొకరు వాలతారు, కిటికీ మూత పడతది. ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు ముయ్యాలో ఆకుకు తెలుసన్నా."

"తెలిస్తే నీళ్లెందుకు పారబోసుకుంటది? కవర్లో నా కళ్లతో చూశా."

"పోయేది చూశావు. వచ్చేది చూశావా?" అంది గీతలమ్మ. "వంటకు ఎండ కావాల, నీళ్లు కావాల, గాలి కావాల. ఎండ పైనుంచి పడతది. నీళ్లు వేరు నుంచి వస్తాయి. గాలి ఎట్టా వస్తది? ఆ కిటికీలోంచే. గాలి కోసం తలుపు తీస్తే నీళ్లు కొన్ని పోక తప్పదు. పోయినా ఊరికే పోవు, పోతా పోతా కిందినుంచి కొత్త నీళ్లను పైకి లాగుతాయి, ఆకు ఒంటిని చల్లబరుస్తాయి. నీకు చెమట పట్టదా? అట్టాగే. నీ వీపుకు తగిలిన చల్లదనం ఏందనుకున్నావు?"

ఇన్నాళ్లూ తను తాగిన సగం నీళ్లే కాదు, తను ఒంపిన సగం కూడా తిరిగి తిరిగి తన వీపు మీదికే వస్తోందని సుంకన్నకు అప్పుడు అర్థమైంది.

"మరి మధ్యాహ్నం వాలేదో?"

"ఎండ మొహాన కొడతా ఉంటే నువ్వు తల వంచుకోవా? సాయంత్రానికి మళ్లీ లేస్తాయిగా. నువ్వు నూనె రాశాక గాలి లోపలికి రాదు, వంటిల్లు మూతపడింది. ఒంటి వేడి బయటికి పోదు, ఉడికిపోతంది. పక్కనే ఎండ ఉంది, నీళ్లు ఉండాయి, అయినా పస్తు. నువ్వు చేసిన పని అదీ."

"మంచిదనుకున్నా గీతలమ్మా." సుంకన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. "దాని నోరు నొక్కుతున్నానని తెలియలా."

"తెలియకనేలే. నేనేమన్నా సాధువునా? తింటానే ఉండా కదా దీన్ని. పైసగం ఇంకా బాగుంది, నువ్వు పోసిన ఆ పుక్కిలి నీళ్లే దాన్ని నిలబెట్టినాయి. ముందు ఆ నక్కను ఆపు."

చెప్పుకుంటుండగానే నక్క వచ్చింది. పసుపెక్కిన పందిరి వంక చూసి, కంగారు పడుతుందనుకున్నారా? అది అంత పిచ్చిది కాదు.

"చూశావా మామా, సగం రాసి సగం వదిలేశావు. ఆ రాయని సగం నీళ్లన్నీ లాగేస్తే ఈ సగం ఎండింది. పైకి కూడా రాసెయ్, రేపటికి సర్దుకుంటది."

వారం కిందటయితే సుంకన్న కుండ దగ్గరికి నడిచేవాడే. ఇప్పుడు నిదానంగా వచ్చి డ్రమ్ముకు అడ్డంగా నిలబడ్డాడు. నక్క నాలుక బారెడు బయటికి వేలాడుతోంది. ఎండకు హఁహఁమని రొప్పుతోంది. నాలుక చివరినుంచి ఒక చుక్క జారి దుమ్ములో పడింది. సుంకన్న ఆ చుక్క వంకే చాలాసేపు చూశాడు. అతనికి ఆలోచన నిదానంగా వస్తుంది, వస్తే మాత్రం పోదు.

"రాస్తాలే అల్లుడా. నువ్వు చెప్పింది నిజమే, నోరు మూస్తే నీళ్లు మిగులుతాయి. కానీ నువ్వు నోరు తెరిచి ఎన్ని నీళ్లు పారబోస్తన్నావో చూసుకున్నావా? దుమ్ములో చుక్క పడింది."

"అది... ఎండకు మామా."

"నాకు నీ మీద జాలేస్తంది. ఒక పని చెయ్. ఆ పడమటి మలుపులో, ఆకులు ముడుచుకుని ఎండ పడతా ఉంది చూడు, అక్కడ కూర్చో. రోకలి నీడ రోటి అంచు దాకా వచ్చేవరకు నోరు మూసుకుని ఉండు. ఉండగలిగితే పందిరంతా నూనె రాస్తా, డ్రమ్ము మొత్తం నీదే, నేను కూడా ముట్టను. మధ్యలో తెరిచావా, ఇంకెప్పుడూ నాకు మందులు చెప్పగూడదు."

డ్రమ్ము మొత్తం అనేసరికి నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. రోకలి నీడ రోటి అంచుకు జానెడు దూరంలోనే ఉంది. "దీనికేముంది మామా," అని పోయి కూర్చుని, నోరు గట్టిగా బిగించింది.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత మీసాలు వణికాయి. తర్వాత పక్కటెముకలు గబగబా కదలడం మొదలైంది. నక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా నాలుక మీదుగానే పోవాలి. ఆ దారి మూసుకుని ఎర్రటి ఎండలో కూర్చుంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. నీడ ఇంకా నాలుగు వేళ్ల దూరంలో ఉందనగా పుల్లమ్మ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, నక్క ముక్కు ముందు నిలబడి రెక్క దువ్వుకుంది.

"ఏం తమ్ముడూ, ఇంత దగ్గరికి వచ్చినా పలకరించవే? నోరు మూసుకుంటే నీళ్లు మిగులుతాయి సరే, కూడు ఎటునుంచి పోతది?"

నక్క కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిస్తే డ్రమ్ము పోతుంది. తెరవకపోతే కోడి పోతుంది. రెండిటికీ మధ్య ప్రాణం పోయేట్టుంది. చివరికి అది కోడికోసమూ తెరవలేదు, డ్రమ్ముకోసమూ ఆపుకోలేదు. దవడ దానంతటదే ఊడిపడ్డట్టు తెరుచుకుంది, నాలుక బయటికి పడింది, పక్కకు ఒరిగి ఎగశ్వాస తీసుకుంది. పుల్లమ్మ అప్పటికే ఎగిరి సుంకన్న వీపు మీద కూర్చుంది.

"జానెడు నీడ కదిలేలోగానే ఇంత అవస్థ పడ్డావే," అన్నాడు సుంకన్న. "ఆ ఆకులు ఏడు రోజులు అట్టా ఉండాయి అల్లుడా. అరవడానికి గొంతు కూడా లేదు వాటికి."

నక్క తోక ముడుచుకుని, తూలుకుంటూ గుట్టవైపు రెండడుగులు వేసింది.

"ఆగు," అన్నాడు సుంకన్న. డ్రమ్ముకు పక్కకు జరిగాడు. "తాగి పో. దప్పికతో పంపించే అలవాటు ఈ గానుగలో లేదు."

నక్క అనుమానంగా చూసి, గబగబా తాగింది. తాగి తలెత్తేసరికి సుంకన్న పందిరి పక్కన ఓబులమ్మ పెట్టిన పొయ్యి బూడిద తట్టను గిట్టతో ముందుకు తోశాడు.

"రేపట్నుంచి కూడా తాగొచ్చు, రోజుకు నాలుగు గుక్కలు. కానీ నూనె నా తోకతో పూశా, అది జిడ్డు తోక. నీది పొడి తోక, గుబురుది. బూడిదలో అద్ది, ఇంకా పచ్చగా ఉన్న ఆకుల అడుగున తుడిచి దులుపు. మెల్లగా. ఒక్కటి చిరిగినా నీళ్లు లేవు."

అలా ఆ ఊరి గుట్టమీద అందరికన్నా గడుసుదని పేరున్న నక్క, వారం రోజులు మిట్టమధ్యాహ్నం పూట సొరపందిరి కింద తోకతో ఆకులు తుడిచింది. పుల్లమ్మ సుంకన్న వీపు మీద కూర్చుని, అక్కడ తుడవలేదు, ఇక్కడ తుడవలేదు అని పెత్తనం చేసింది. సుంకన్న మళ్లీ సగం డ్రమ్ము పాదుకు ఒంపాడు. కమిలిన ఆకులు రాలిపోయాయి, వాటిని ఎవరూ కాపాడలేకపోయారు. లేతవి కొన్ని తేరుకున్నాయి. పైసగం నుంచి కొత్త తీగలు కిందికి పాకాయి. గీతలమ్మ ఒకరోజు ఆకులోంచి చిన్న ఈగై బయటికి వచ్చి, ఇంటికి ఒక చుట్టు తిరిగి ఎగిరిపోయింది.

రోహిణి కార్తె చివరి రోజున సుంకన్న గంతలు కట్టుకుని తూర్పు సగం దాటాడు. వీపు చుర్రుమంటోంది. పడమటి మలుపులోకి అడుగుపెట్టగానే ఎవరో తడిగుడ్డ ఆడించినట్టు చల్లగాలి తగిలింది. సుంకన్న ఒక్క క్షణం ఆగాడు. రోకలి కిర్రుమని ఆగింది. ఓబులమ్మ అదిలించలేదు, ఆమె కూడా పందిరి వంకే చూస్తోంది. తర్వాత అతను తన నీళ్లు తన మీదికే తిరిగొస్తున్న ఆ చల్లదనంలోంచి మెల్లగా నడుచుకుంటూ పోయాడు.

నీతి: నీళ్లు పోతున్నాయని తలుపు మూసేముందు, తిండి కూడా ఆ తలుపులోంచే వస్తోందేమో చూసుకోవాలి.